మైనారిటీ ప్రభుత్వం ఏడాది దాటదా? చక్కర్లు కొడుతున్న ఒక సందేశానికి ఖండన

విశాఖపట్నంలో బీచ్ రోడ్డు నడక బృందాల నుంచి కాలనీ సంక్షేమ సంఘాల దాకా ఎన్నో వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం కొంతకాలంగా తిరుగుతోంది. దాని సారాంశం ఇది. లోక్‌సభలో 272 మంది సొంత సభ్యులు లేని ప్రభుత్వం రాజ్యాంగం ప్రకారం చెల్లదు. మన దేశంలో ఏ మైనారిటీ ప్రభుత్వమూ (అంటే సభలో సగం బలం లేని ప్రభుత్వం) ఏడాది దాటి నిలవలేదు, నిలిచినా అది ఎంపీలను కొనుక్కునే నిలిచింది, ఉన్నన్నాళ్ళూ చేసిన పని ఏదీ లేదు. ఇతర దేశాల అనుభవమూ అంతే. ఒకే పార్టీకి పూర్తి మెజారిటీ ఇస్తే ఐదేళ్ళకు ఢోకా ఉండదు. ఇప్పుడు ఢిల్లీలో ఉన్నదీ మైనారిటీ ప్రభుత్వమే కాబట్టి తెలుగుదేశం ఎంపీలు 16 మంది మద్దతు ఉపసంహరిస్తే మర్నాడే పడిపోతుంది.

చరణ్ సింగ్, చంద్రశేఖర్, వాజపేయి పేర్లు, వారు పదవిలో ఉన్న కాలం పక్కపక్కనే వేసి ఉండటం వల్ల ఈ సందేశం చరిత్ర పాఠంలా కనిపిస్తోంది. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లలు సైతం దీన్ని నిజమని నమ్మి నోట్సులో రాసుకుంటున్నారు. అందుకే దీనికి వివరంగా జవాబు చెప్పాల్సి వస్తోంది. సందేశంలో ఇచ్చిన పేర్లు నిజమే, తేదీలూ చాలావరకు సరైనవే, వాటి నుంచి తేల్చిన మాటలు మాత్రం నిలబడవు.

మొదట 272 సంగతి చూద్దాం. ఆ అంకె రాజ్యాంగంలో ఎక్కడా లేదు. 75వ అధికరణం మూడో క్లాజు, మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించాలని మాత్రమే చెబుతుంది. సభ ముందుకు వచ్చే ఏ ప్రశ్ననైనా, రాజ్యాంగం వేరుగా చెప్పిన సందర్భాల్లో తప్ప, హాజరై ఓటు వేసిన సభ్యుల మెజారిటీతో తేల్చాలని 100వ అధికరణం చెబుతుంది. 543 మందీ సభకు వచ్చి, అందరూ ఓటు వేస్తే గెలవడానికి 272 కావాలి, అంతవరకే ఆ అంకెకు విలువ. 1993 జులై 28న పీవీ నరసింహారావు ప్రభుత్వంపై వచ్చిన అవిశ్వాస తీర్మానానికి అనుకూలంగా 251 మంది, వ్యతిరేకంగా 265 మంది ఓటు వేశారు. ప్రభుత్వాన్ని నిలబెట్టిన 265 ఓట్లు 272 కన్నా ఏడు తక్కువ, అయినా ఆ తీర్పు రాజ్యాంగబద్ధంగానే చెల్లింది.

అంత దూరం వెళ్ళనక్కరలేదు, 2013 మార్చిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకుంటే చాలు. 294 మంది ఎన్నికైన సభ్యులుండే ఆ సభలో కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం వచ్చినప్పుడు దానికి అనుకూలంగా 58 ఓట్లు, వ్యతిరేకంగా 142 ఓట్లు పడ్డాయి. సభలో సగానికి తక్కువ ఓట్లతో ప్రభుత్వం గట్టెక్కడానికి కారణం, ప్రధాన ప్రతిపక్షమైన తెలుగుదేశం తటస్థంగా ఉండిపోవడం. ఆ ముఖ్యమంత్రి మరో పదకొండు నెలలు పదవిలో కొనసాగి, రాష్ట్ర విభజనను వ్యతిరేకిస్తూ తానే రాజీనామా చేశారు. పార్లమెంటరీ పద్ధతిలో ప్రభుత్వాన్ని కోరుకునేవారు ఎందరున్నారన్నది ఎంత ముఖ్యమో, దాన్ని దించడానికి ఒక్కటిగా ఓటు వేసేవారు ఎందరున్నారన్నదీ అంతే ముఖ్యం. మైనారిటీ ప్రభుత్వాల ఆయుష్షు గురించి మాట్లాడే ఎవరైనా ముందు గమనించాల్సిన విషయం ఇదే. సందేశం రాసినవారు దీన్నే పూర్తిగా వదిలేశారు.

ఏడాది దాటలేదన్న మాట అన్నిటికన్నా పెద్ద అబద్ధం. 1969 నవంబరులో కాంగ్రెస్ చీలిపోయాక ఇందిరాగాంధీ ప్రభుత్వం లోక్‌సభలో మెజారిటీ కోల్పోయింది. కమ్యూనిస్టు పార్టీ, డీఎంకే తదితర పక్షాల మద్దతుతో పదమూడు నెలలు నడిచిన ఆ ప్రభుత్వాన్ని సభలో ఎవరూ ఓడించలేదు. గడువుకు ఏడాది ముందే ఎన్నికలకు వెళ్ళాలని ఆమే నిర్ణయించుకుని 1970 డిసెంబరు 27న లోక్‌సభను రద్దు చేయించారు, 1971లో 352 స్థానాలతో తిరిగి వచ్చారు. ఓడిపోయి దిగిపోవడాన్నీ, గెలుస్తామన్న ధీమాతో తామే సభను రద్దు చేసుకోవడాన్నీ ఒకే గాటన కట్టి ఆయుష్షు లెక్కవేస్తే ఆ లెక్కకు అర్థమే ఉండదు.

ఇక పీవీ నరసింహారావు. 1991 జూన్ 21న ఆయన ప్రమాణ స్వీకారం చేసేనాటికి కాంగ్రెస్‌కు 230 చిల్లర స్థానాలే ఉన్నాయి, ఆయన స్వయంగా ఏ సభలోనూ సభ్యుడు కాదు. ఆ నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో పోటీ చేసినప్పుడు, ఒక తెలుగువాడు ప్రధాని అవుతున్నాడన్న కారణంతో తెలుగుదేశం అభ్యర్థిని నిలబెట్టలేదు. తర్వాత మూడు అవిశ్వాస తీర్మానాలను ఎదుర్కొని 1996 మే దాకా పూర్తి కాలం పదవిలో ఉన్నారు. ఖచ్చితంగా మాట్లాడాలంటే, 1993 చివరికి అజిత్ సింగ్ వర్గం వంటివి వచ్చి కలవడంతో కాంగ్రెస్ సొంతంగానే మెజారిటీ దాటింది కనుక నికరంగా మైనారిటీలో నడిచిన కాలం సుమారు రెండున్నరేళ్ళు. అది కూడా సందేశం పెట్టిన హద్దుకు రెండున్నర రెట్లు.

2004లో కాంగ్రెస్‌కు 145 స్థానాలు వచ్చాయి. మిత్రపక్షాలను కలుపుకున్నా ఆ పార్టీ నడిపిన యూపీఏ కూటమికి సగం లేదు, అరవై మంది దాకా ఉన్న వామపక్ష ఎంపీలు ప్రభుత్వంలో చేరకుండా బయటి నుంచి మద్దతిచ్చారు. అమెరికాతో అణు ఒప్పందంపై వారు తప్పుకున్నాక 2008 జులై 22న జరిగిన బలపరీక్షలో మన్మోహన్ సింగ్ 275–256 తేడాతో నెగ్గి ఐదేళ్ళూ పూర్తి చేశారు. 2009 తర్వాత కూడా సమాజ్‌వాదీ, బీఎస్పీల బయటి మద్దతు అవసరమైంది. 2012 సెప్టెంబరులో తృణమూల్ తప్పుకున్నా ఆ ప్రభుత్వం 2014 మే దాకా నడిచింది. పదేళ్ళ చరిత్రను పక్కన పెట్టి, పడిపోయినవాటినే ఏరుకుని వరుసగా పేర్చితే ఎవరికైనా ఏడాది అన్న అంకే కనిపిస్తుంది.

అయితే పడిపోయినవి ఎందుకు పడిపోయాయన్నది నిజంగా అడగదగిన ప్రశ్న. చరణ్ సింగ్, చంద్రశేఖర్, దేవెగౌడ, గుజ్రాల్ నలుగురికీ బయటి నుంచి మద్దతిచ్చినది కాంగ్రెస్ పార్టీయే. నలుగురినీ దించినదీ ఆ పార్టీయే. 1979లో చరణ్ సింగ్ జులై 28న ప్రమాణం చేసి, సభను ఒక్కసారైనా ఎదుర్కోకుండానే ఆగస్టు 20న రాజీనామా చేశారు. చంద్రశేఖర్ పరిస్థితి మరీ విచిత్రం. ఆయన వెంట ఉన్నది అరవై మంది చిల్లర, మద్దతిచ్చిన కాంగ్రెస్‌కు ఉన్నది సుమారు రెండు వందల మంది. హర్యానా పోలీసు కానిస్టేబుళ్ళు ఇద్దరు రాజీవ్ గాంధీ ఇంటి దగ్గర నిఘా వేశారన్న ఆరోపణ చాలింది, 1991 మార్చి 6న చంద్రశేఖర్ రాజీనామా ఇచ్చేశారు. కానిస్టేబుళ్ళ సంగతి ఒక సాకు మాత్రమేనని నా అభిప్రాయం. ప్రధాని పార్టీ కన్నా మద్దతిచ్చే పార్టీ పెద్దదైనప్పుడు, ఆ పెద్ద పార్టీకి కావలసింది ప్రభుత్వం నిలవడం కాదు, తనకు అనుకూలమైన ఎన్నికల వేళ దొరకడం. మద్దతు లేఖ రాష్ట్రపతికి అందిన రోజు నుంచే దాన్ని వెనక్కి తీసుకునే తేదీ కోసం వెతుకులాట మొదలవుతుంది.

వీపీ సింగ్ కథ కొంచెం వేరు. ఎన్టీఆర్ అధ్యక్షుడిగా ఉన్న నేషనల్ ఫ్రంట్ ప్రభుత్వానికి ఒక పక్క బీజేపీ, మరో పక్క వామపక్షాలు మద్దతిచ్చాయి. ఒకదానికొకటి పొసగని రెండు కొమ్ములను పట్టుకుని పదకొండు నెలలు నడిచిన ఆ ప్రభుత్వం, అయోధ్య రథయాత్రలో అద్వానీ అరెస్టు తర్వాత బీజేపీ తప్పుకోవడంతో 1990 నవంబరు 7న 142–346 ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఇందిర, పీవీ, మన్మోహన్ విషయంలో మాత్రం ప్రధాని పార్టీయే సభలో అతి పెద్దది. దాన్ని దించాలంటే కమ్యూనిస్టులూ, బీజేపీ (ఇందిర రోజుల్లో జనసంఘ్) ఒకే బెంచీ మీద కూర్చోవాలి, దించాక ప్రత్యామ్నాయం కూడా చూపించాలి. ఆ ఇబ్బందే ఆ ప్రభుత్వాలకు రక్షణగా నిలిచింది. మన దేశంలో మైనారిటీ ప్రభుత్వాల ఆయుష్షును తేల్చినది వాటికి తక్కువైన సీట్ల సంఖ్య కన్నా, సభలో ఆ పార్టీ ఉన్న స్థానమూ, ఎదుటివారి చీలికలే.

ఈ సూత్రానికి లొంగనిది ఒకటుంది. 1996లో వాజపేయి అతి పెద్ద పార్టీ నాయకుడై ఉండీ మద్దతిచ్చేవారు దొరకక పదమూడు రోజుల్లో దిగిపోయారు. అయితే ఆయన 1998–99 ప్రభుత్వాన్ని కూడా సందేశం అదే జాబితాలో వేయడం సరికాదు. తెలుగుదేశం మద్దతుతో 1998 మార్చిలో 274–261 తేడాతో బలం నిరూపించుకున్న ప్రభుత్వం అది. అన్నాడీఎంకే తప్పుకున్నాక 1999 ఏప్రిల్ 17న 269–270తో, ఒక్క ఓటుతో ఓడింది. అది మెజారిటీ సంకీర్ణం విరిగిపోవడం. ఒక్క ఓటు మాట వచ్చింది కనుక చెప్పుకోవాలి, 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వమూ మద్యనిషేధం వ్యవహారంలో ఒక్క ఓటు తేడాతోనే పడిపోయింది. అక్కడ గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న ఎదురు తిరిగారు. మద్దతుదారుల బతుకుతెరువును తాకే విషయంలో వారిని ఒప్పించకుండా ముందుకు పోవడం ఎంత ప్రమాదమో మన జిల్లాల నాయకులు చూపించిన ఉదాహరణ అది.

కొనుక్కునే నిలిచారన్న ఆరోపణను తోసిపుచ్చలేం. 1993 ఓటింగులో జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలకు డబ్బు ముట్టిందన్న కేసు దేశ పార్లమెంటరీ చరిత్రలో మాయని మచ్చ. లంచం తీసుకుని ఓటు వేసిన సభ్యులకు 105వ అధికరణం కింద రక్షణ ఉంటుందని 1998లో సుప్రీంకోర్టు 3–2తో ఇచ్చిన తీర్పు ఇంకా బాధాకరం. కింది కోర్టు 2000లో పీవీని దోషిగా తేల్చగా 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషిగా ప్రకటించింది. 2024 మార్చి 4న సీతా సోరెన్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1998 తీర్పును కొట్టివేసింది. పాతికేళ్ళు ఆలస్యమైనా ఈ దిద్దుబాటు జరగడం ఎంతో మేలు. కానీ ఒక ఓటింగు చుట్టూ ఉన్న ఈ కళంకాన్ని ఇందిర పదమూడు నెలలకూ, యూపీఏ పదేళ్ళకూ అంటగట్టి, నిలిచినవన్నీ కొనుగోళ్ళతోనే నిలిచాయనడం న్యాయం కాదు.

చేసిన పని ఏదీ లేదన్న మాట విశాఖ నుంచి వస్తోందంటే మనసుకు కష్టంగా ఉంటుంది. 1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అంటూ ఉద్యమం లేచింది, నవంబరు 1న ఈ నగరంలో కాల్పులు జరిగాయి, రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోయాయి. ఆనాడు కేంద్రంలో కాంగ్రెస్‌కు తిరుగులేని మెజారిటీ ఉంది, ఫ్యాక్టరీ మాత్రం రాలేదు. విశాఖలో ఉక్కు కర్మాగారం నెలకొల్పుతామని ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించినది 1970 ఏప్రిల్ 17న, అంటే ఆమెది మైనారిటీ ప్రభుత్వంగా ఉన్న రోజుల్లో. బాలచెరువు దగ్గర శంకుస్థాపన 1971 జనవరి 20న జరిగింది. అప్పటికి లోక్‌సభ రద్దయి ఎన్నికలు ముంచుకొస్తున్నాయి కనుక ఓట్ల లెక్క అందులో లేదని ఎవరూ అనలేరు. ఆ తర్వాత 352 స్థానాల బ్రహ్మాండమైన మెజారిటీ వచ్చింది. అంత బలం వచ్చాక పని పరుగెత్తాలి కదా? నిర్మాణం ఊపందుకోవడానికి 1982 దాకా, ఆ కర్మాగారం కోసం రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడేదాకా ఆగాల్సి వచ్చింది. 1992 ఆగస్టు 1న ఆ కర్మాగారాన్ని జాతికి అంకితం చేసిన ప్రధాని పీవీ నరసింహారావు, ఆనాటికి ఆయనదీ మైనారిటీ ప్రభుత్వమే. స్థాపన ప్రకటనా, జాతికి అంకితమూ రెండూ సభలో సగం బలం లేని ప్రభుత్వాల చేతుల మీదుగా జరిగిన కర్మాగారం గాజువాక పక్కనే ఉండగా, ఈ ఊళ్ళో ఎవరూ ఆ సందేశాన్ని మరొకరికి పంపకూడదు.

మరికొన్ని కూడా చెప్పాలి. 1991 జులై 24న కొత్త పారిశ్రామిక విధానమూ, ఆర్థిక సంస్కరణల బడ్జెట్టూ ఒకే రోజు వచ్చాయి. ఆ విధానం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ, కానీ అంతటి మలుపును బొటాబొటి బలం ఉన్న ప్రభుత్వమే తిప్పింది. పంచాయతీలకూ మున్సిపాలిటీలకూ రాజ్యాంగ హోదా ఇచ్చిన 73, 74 సవరణలు 1992 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం పొందాయి. రాజ్యాంగ సవరణకు సభ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. సగం కూడా లేని ప్రభుత్వం దాన్ని సాధించిందంటే, ప్రతిపక్షాలతో కూర్చుని ఒప్పించుకున్నదన్నమాట. సమాచార హక్కు, ఉపాధి హామీ చట్టాలు 2005లో, మన మన్యంలో పోడు చేసుకునే గిరిజనులకు పట్టాలిచ్చిన అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చాయి. వామపక్షాల బయటి మద్దతు మీద ప్రభుత్వం ఆధారపడి ఉన్న కాలం అది. బలం చాలక ఆగిన పనులూ లేకపోలేదు. పాత సంస్థానాధీశులకిచ్చే రాజభరణాల రద్దు బిల్లు 1970లో రాజ్యసభలో మూడింట రెండొంతులకు ఒక ఓటు కూడా తేడా లేనంత స్వల్పంగా వీగిపోయింది.

ఇతర దేశాల విషయంలో సందేశానికి సగం నిజం అందింది. సగటున చూస్తే మైనారిటీ ప్రభుత్వాలు మెజారిటీ ప్రభుత్వాల కన్నా తక్కువ కాలం ఉంటాయి, ఇందులో వివాదం లేదు. కెనడాలో వాటి సగటు ఆయుష్షు రెండేళ్ళ లోపే. 1979లో జో క్లార్క్ ప్రభుత్వం బడ్జెట్ మీద ఓడిపోయి తొమ్మిది నెలలతో సరిపెట్టుకుంది. బ్రిటన్‌లో కాలహాన్ ప్రభుత్వం 1979 మార్చి 28న 310–311తో, మళ్ళీ ఒక్క ఓటుతోనే పోయింది. కానీ సగటు ఒక్కటే చెప్పి ఊరుకుంటే వాస్తవం మరుగున పడుతుంది. అదే కెనడాలో లెస్టర్ పియర్సన్ 1963 నుంచి 1968 దాకా వరుసగా రెండు మైనారిటీ ప్రభుత్వాలు నడిపి, దేశమంతటికీ వర్తించే ఆరోగ్య బీమాకూ పింఛను పథకానికీ పునాది వేశారు. ఆస్ట్రేలియాలో జూలియా గిలార్డ్ 2010లో 150 మంది సభలో 72 మందితో మొదలుపెట్టిన ప్రభుత్వం పూర్తి కాలం నడిచి 500కు పైగా చట్టాలు చేసింది. న్యూజీలాండ్‌లో హెలెన్ క్లార్క్ 1999 నుంచి 2008 దాకా పాలించినది మైనారిటీ ప్రభుత్వాలతోనే.

స్కాండినేవియా దేశాల్లో ఇది నిత్యకృత్యం. డెన్మార్క్‌లో ఏ ఒక్క పార్టీకీ సొంత మెజారిటీ వచ్చి నూరేళ్ళు దాటింది. అక్కడ ప్రభుత్వం ఏర్పడటానికి విశ్వాస ఓటు అవసరం లేదు, తనకు వ్యతిరేకంగా మెజారిటీ కూడకపోతే చాలు. స్వీడన్‌లో ప్రధాని పేరును సగానికి మించిన సభ్యులు తిరస్కరిస్తేనే అది వీగిపోతుంది. నార్వేలో పార్లమెంటును నాలుగేళ్ళ గడువుకు ముందు రద్దు చేయడం కుదరదు కనుక ప్రభుత్వాన్ని పడగొట్టి ఎన్నికలు తెచ్చుకుందామన్న ఆశకు తావే లేదు. జర్మనీ, స్పెయిన్‌లలో పాత ప్రధానిని దించే తీర్మానంలోనే కొత్త ప్రధాని పేరు ఉండాలి. 2018లో స్పెయిన్‌లో పెద్రో సాంచెజ్ అలాగే పదవిలోకి వచ్చారు, అప్పటి నుంచి సభలో సొంత బలం లేకుండానే నడుపుతున్నారు. ఏ దేశంలో నిబంధనలు ఎలా ఉంటే అక్కడి మైనారిటీ ప్రభుత్వాల ఆయుష్షు అలా ఉంటుంది. మన దగ్గర విశ్వాస తీర్మానం ఓడితే ప్రత్యామ్నాయం చూపించే బాధ్యత ఎవరి మీదా లేదు. 1979, 1991, 1997, 1999 సంవత్సరాల్లో ఆపద్ధర్మ ప్రభుత్వాలు నెలల తరబడి కొనసాగడానికి కారణం అదే.

పూర్తి మెజారిటీ ఉంటే ఢోకా లేదన్న మాటకు ఎక్కువ జవాబు అక్కరలేదు. 1977లో జనతా పార్టీకి స్పష్టమైన మెజారిటీ వచ్చింది, మొరార్జీ ప్రభుత్వం 28 నెలలకు పోయింది. 1983లో ఎన్టీఆర్‌కు రెండు వందలకు పైగా స్థానాలొచ్చినా 1984 ఆగస్టులో బర్తరఫ్ అయ్యారు. ఆయన స్థానంలో వచ్చిన నాదెండ్ల భాస్కరరావు నెల రోజులకే వెళ్ళిపోయారు. 1994లో 216 స్థానాలు గెలిచిన ఎన్టీఆర్ తొమ్మిది నెలలు తిరగకుండానే సొంత పార్టీలో తిరుగుబాటుతో పదవి కోల్పోయారు. మన నగరపాలక సంస్థలో 2021లో 98 వార్డులకు 58 గెలిచిన పార్టీ మేయర్ పీఠాన్ని 2025 ఏప్రిల్‌లో అవిశ్వాసంతో పోగొట్టుకుంది.

చివరిగా ఢిల్లీ సంగతి. 2024 జూన్ ఫలితాల్లో బీజేపీకి 240 వచ్చాయి, ఎన్డీయే మొత్తానికి 293. ఎన్నికలకు ముందే కట్టిన కూటమికి సగం దాటిన బలం ఉంది కనుక అది మెజారిటీ సంకీర్ణం, మైనారిటీ ప్రభుత్వం కాదు. తెలుగుదేశం 16 మంది తప్పుకుంటే 277 మిగులుతాయి, జనసేన ఇద్దరూ వెళ్ళిపోయినా 275. ఈ 16 మందికి అడిగే బలం ఉంది, ఉండాలి కూడా. 2025 జనవరిలో మన ఉక్కు కర్మాగారానికి 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ వచ్చిన వేళ ఆ బలం పాత్ర ఎంతన్నది ఎవరికి వారు అంచనా వేసుకోవచ్చు. కానీ మర్నాడే పడగొట్టే బలం అది కాదు. జేడీయూ 12 మంది కూడా తెలుగుదేశంతో పాటు బయటికి వచ్చి, ఆ రెండు పార్టీల వారూ ప్రతిపక్ష ఇండియా కూటమి 234తో కలిసి ఓటు వేశారనుకుందాం. ఆ మొత్తం 262. ప్రభుత్వం వైపు 265. అప్పుడు తేల్చాల్సినవారు ఏ కూటమిలోనూ లేని 16 మంది, వారిలో నలుగురు వైఎస్సార్ కాంగ్రెస్ సభ్యులు.